తాళం వేసిన ఇంట్లో రెండు పిల్లులు: బుడమేరు వరద నాటి ఒక కేసు

వరదలో పిల్లి చిక్కుకుందంటే అందరికీ ముందు మునిగిపోతుందేమోనన్న భయమే వస్తుంది. 2024 సెప్టెంబర్‌లో విజయవాడ సింగ్‌నగర్ వైపు నుంచి మా క్లినిక్‌కు వచ్చిన పిల్లుల్లో నేను అన్నిటికంటే ఎక్కువ కష్టపడి నిలబెట్టుకున్నది మాత్రం ఒళ్లు పెద్దగా తడవని పిల్లిని. దాన్ని మా దాకా తెచ్చింది ఆకలి. ఆ ఆకలిని అన్ని రోజులు సాగదీసింది ఇంటికి వేసిన తాళం. ఇల్లు వదిలి ఊరెళ్లేవాళ్లకు పనికొస్తుందని ఈ కేసును పూర్తిగా రాస్తున్నాను. కుటుంబం అనుమతి తీసుకున్నాను. పిల్లుల పేర్లు మార్చాను.

చింటూ మగ పిల్లి, ఏడేళ్లది, పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ అయింది. ఏప్రిల్‌లో టీకాలకు తెచ్చినప్పుడు 6.8 కిలోలు తూగింది. మన నాటు పిల్లి నాలుగు, నాలుగున్నర కిలోలుంటే చాలు కాబట్టి ఇది లావు కిందే లెక్క. బరువు తగ్గించమని కార్డు మీద రాసి కూడా ఇచ్చాం. మిన్ను ఆడది, రెండేళ్లది, మూడు కిలోల పైచిలుకు. రెండూ గడప దాటనివే.

ఇంట్లో ఏం జరిగింది

యజమానులది అజిత్‌సింగ్‌నగర్‌లో సొంత ఇల్లు. కింద వాళ్లుంటారు, మేడ మీద పోర్షన్ అద్దెకిచ్చారు. ఆగస్టు 30, శుక్రవారం రాత్రి రైలెక్కి హైదరాబాద్‌లో బంధువుల ఇంటికి వెళ్లారు. ఆదివారం రాత్రికి తిరిగి రావాలనేది ప్లాన్. వంటింట్లో నేల మీద పెద్ద పళ్లెంలో రెండు రోజులకు సరిపడా డ్రై ఫుడ్ పోశారు. పక్కనే స్టీలు గిన్నెలో నీళ్లు పెట్టారు. తాళం పటమటలో ఉండే సహోద్యోగికి ఇచ్చారు. శనివారం సాయంత్రం ఒకసారి, ఆదివారం ఒకసారి వచ్చి చూసి వెళ్లమన్నారు.

శనివారం విజయవాడలో కురిసిన వాన గుర్తున్నవాళ్లకు మిగతాది చెప్పక్కర్లేదు. మొగల్రాజపురంలో కొండచరియలు విరిగిపడి ప్రాణాలు పోయింది ఆరోజే. పటమట నుంచి ఆయన బండి తీయలేకపోయారు. ఫోన్ చేస్తే, "తిండి ఉందిలెండి, రేపు వెళ్లండి" అన్నారు వీళ్లు. ఆ మాటలో తప్పేమీ లేదు. మామూలు వానకైతే అది సరిపోయేది.

ఆదివారం, సెప్టెంబర్ 1 తెల్లవారేసరికి బుడమేరు నీళ్లు వీధుల్లోకి వచ్చేశాయి. బుడమేరు మైలవరం కొండల వైపు పుట్టి కొల్లేరులో కలుస్తుంది. ఊరి మీదికి రాకుండా వెలగలేరు రెగ్యులేటర్ దగ్గర దాన్ని డైవర్షన్ ఛానల్‌లోకి మళ్లించి కృష్ణలోకి పంపుతారు. ఆ రెండు రోజుల్లో కృష్ణే నిండుగా ఉంది. ప్రకాశం బ్యారేజీ దగ్గర 11.43 లక్షల క్యూసెక్కులు నమోదైంది. నది ఎదురుతంతే ఛానల్ నీళ్లు ఎక్కడికి పోతాయి? గట్లు తెగాయి. గండ్లు పూర్తిగా పూడ్చడానికి సెప్టెంబర్ 7 దాకా పట్టింది.

ఈ ఇంట్లో నీళ్లు దాదాపు ఐదడుగులు లేచాయి. నేల మీదున్న తిండి మొదటి గంటలోనే పోయింది. ఫ్రిజ్ తేలి పక్కకు పడిపోయింది. రెండు పిల్లులూ దొరికిన ఎత్తుకు ఎక్కాయి, కానీ వేర్వేరు గదుల్లో. మిన్ను వంటింట్లో అటక మీదికి చేరింది. చింటూ పడకగదిలో మంచం మీద నుంచి కిటికీ గట్టు, గట్టు మీద నుంచి ఇనప బీరువా మీదికి ఎక్కింది. బీరువా మీద పాత సూట్‌కేసు ఉండటంతో దానికి కూర్చునే చోటు దొరికింది. పొడిగా ఉంది, భద్రంగా ఉంది. పక్క గదికి వెళ్లాలంటే మధ్యలో ఐదడుగుల నీళ్లు.

మేడ మీద వాళ్లకు ఆదివారం పొద్దున్నే అరుపులు వినిపించాయి. ఫోన్ చేస్తే తాళం పగలగొట్టమని వీళ్లన్నారు. బయట గ్రిల్‌కు తాళం, లోపల నానిపోయి ఉబ్బిన చెక్క తలుపు, గుండెల దాకా నీళ్లు. కుర్రాళ్లు ప్రయత్నించి వదిలేశారు. తర్వాత కరెంటు లేక ఫోన్లూ ఆగిపోయాయి. అయితే మెట్ల మలుపు దగ్గర నిలబడితే వంటింటి వెంటిలేటర్ చేతికందుతుంది. పడవల్లో వచ్చిన పులిహోర పొట్లాలు, పాల ప్యాకెట్లు వాళ్లకే చాలీచాలనివి. అయినా పెరుగన్నం కలిపి, పేపరు ప్లేటులో పెట్టి వెంటిలేటర్ లోంచి అటక మీదికి తోశారు. మిన్ను తింది. చింటూకు అందే దారి లేదు. అది పడకగదిలో ఉందని వాళ్లకు తెలియదు కూడా. ఒక్క పిల్లే కనిపిస్తోంది కాబట్టి రెండోది పోయిందనుకున్నారు.

హైదరాబాద్ వైపు రైళ్లు లేవు. మహబూబాబాద్ దగ్గర ఇంటికన్నె, కేసముద్రం మధ్య పట్టాల కింద కంకర కొట్టుకుపోయింది. హైవే మీద కూడా నీళ్లు. ఎలాగోలా బుధవారానికి కుటుంబం విజయవాడ చేరి, సింగ్‌నగర్ ఫ్లైఓవర్ దగ్గర పడవ పట్టుకుని ఇంట్లోకి వెళ్లింది. రెండు పిల్లుల్నీ దిండు గలీబుల్లో వేసుకుని బయటికి తెచ్చారు. పోరంకిలో బంధువుల ఇంట్లో దించారు. మిన్ను ఆ రాత్రే చేపముక్క తింది. చింటూ మంచం కిందికి దూరింది. "భయపడింది, నాలుగు రోజులు పోతే అదే తింటుందిలే" అనుకున్నారు.

క్లినిక్‌కు వచ్చినప్పుడు

చింటూను సెప్టెంబర్ 9, సోమవారం తెచ్చారు. ఎన్ని రోజులుగా తినడం లేదని అడిగాను.

"నాలుగైదు రోజులుగా, డాక్టర్ గారూ. మేం తెచ్చినప్పటి నుంచీ ముట్టడం లేదు."

"మీరు తెచ్చేముందు ఏం తిని ఉంటుంది మేడం?"

ఆవిడ కాసేపు మాట్లాడలేదు. కూర్చుని లెక్కేశాం. ఆఖరిసారి తిన్నది శనివారం రాత్రి, ఆగస్టు 31న. ఆదివారం తెల్లవారుజామున పళ్లెం మునిగింది. అంటే తొమ్మిదో రోజు. ఈ కేసులో నాకు అన్నిటికంటే పనికొచ్చిన పరీక్ష ఈ లెక్కే. వరద, తుఫాను తర్వాత పిల్లిని తెచ్చేవాళ్లు దాదాపు అందరూ పిల్లి తమ కంటపడిన రోజు నుంచి లెక్క చెబుతారు. లివర్ మాత్రం ఆఖరి ముద్ద నుంచి లెక్కేసుకుంటుంది.

బరువు 5.7 కిలోలు. చర్మం పట్టి లాగితే నెమ్మదిగా వెనక్కి వెళ్తోంది. డీహైడ్రేషన్ ఎనిమిది శాతం దాకా ఉంటుందని అంచనా వేశాం. చెవుల లోపలి చర్మం, చిగుళ్లు, కళ్లలో తెల్లగుడ్డు అన్నీ పసుపు. తెల్ల మచ్చల పిల్లి కావడంతో చెవి వెలుతురుకు పెడితే పసుపు పూసినట్టే కనిపించింది. ఇంట్లోవాళ్లు అది గమనించలేదు. మంచం కింద చీకట్లో ఎవరికైనా కనిపించేది కాదు. తల నిలబెట్టలేక గడ్డం ఛాతీకి ఆనించి కూర్చుంది. పిల్లిలో మెడ అలా వాలితే ముందు పొటాషియం చూడాలి.

పరీక్షలు

వరద నీళ్లు, ఎలుకలు, పచ్చకామెర్లు మూడూ ఒకచోట కనిపిస్తే ఎవరి నోటనైనా ముందు వచ్చే మాట లెప్టోస్పైరోసిస్, అంటే ఎలుకల మూత్రం కలిసిన నీళ్ల ద్వారా సోకే జబ్బు. అప్పటికే ఎవరో ఆ మాట చెప్పి కుటుంబాన్ని భయపెట్టారు కూడా. అదే కుక్క అయితే నేనూ ముందు అదే అనుమానిస్తాను. పిల్లులు లెప్టోతో జబ్బు పడటం అరుదు. ఇక్కడ కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ మామూలుగా ఉంది. జ్వరం లేదు, ఒళ్లు కాస్త చల్లగానే ఉంది.

రక్తంలో కామెర్ల పసుపుకు కారణమైన బిలిరుబిన్ 6.2. పిల్లిలో అది అర దాటకూడదు. లివర్ ఎంజైముల్లో ఒకటైన ఏఎల్‌పీ మామూలు కంటే ఐదు రెట్లు ఉంది. ఇంకో ఎంజైము జీజీటీ మాత్రం పెరగలేదు. ఈ జోడీ చూడగానే అనుమానం ఫ్యాటీ లివర్, అంటే లివర్‌లో కొవ్వు పేరుకోవడం వైపు తిరుగుతుంది. పైత్యనాళం మూసుకుంటే రెండూ కలిసి పెరుగుతాయి. ఇక్కడ ఒకటే పెరిగింది. పొటాషియం 2.9, అంటే తక్కువ. అల్ట్రాసౌండ్‌లో లివర్ పెరిగి, అంతా ఒకే తీరున తెల్లగా మెరిసింది. పిత్తాశయం, క్లోమం బాగానే ఉన్నాయి. సన్న సూదితో లివర్ నుంచి కణాలు తీసే ముందు రెండు మోతాదుల విటమిన్ కె ఇచ్చాం. లివర్ పని చేయనప్పుడు రక్తం సరిగా గడ్డకట్టకపోవచ్చు. గుచ్చిన చోట కారుతూనే ఉంటుంది. స్లైడు మీద కణాల నిండా కొవ్వు బుడగలు. రోగం ఖాయమైంది.

లావు పిల్లికే ఇది ఎందుకు ఎక్కువ? తిండి ఆగగానే ఒంట్లో నిల్వ ఉన్న కొవ్వు కరిగి రక్తం ద్వారా లివర్‌కు వస్తుంది. లివర్ దాన్ని వాడుకుని, మిగిలింది ప్రొటీన్‌తో కలిపి బయటికి పంపాలి. పిల్లి మాంసాహారి. తిండి లేకపోయినా దాని ఒళ్లు ప్రొటీన్ ఖర్చు పెట్టడం తగ్గించుకోదు. రెండు మూడు రోజుల్లో బయటికి పంపే సరంజామా అయిపోతుంది. వచ్చేది ఆగదు, పోయే దారి మూసుకుపోతుంది, ఆ వారం బుడమేరులో జరిగినట్టే. ఇలా నిండిన లివర్ పిల్లికి వికారం తెప్పిస్తుంది. వికారం వల్ల ఇంకా తినదు. అక్కడి నుంచి పిల్లి తనంతట తాను తేరుకోవడం దాదాపు జరగదు. "భయం పోతే తింటుంది" అనేది అందుకే ప్రమాదకరమైన మాట. భయం బుధవారం రాత్రికే పోయి ఉండొచ్చు. అప్పటికే వికారం మొదలైంది.

చికిత్స

దీనికి మందు తిండే. అది ఎంత వేగంగా పెడతామన్న దగ్గరే చాలా పిల్లులు చేజారిపోతాయి. తొమ్మిది రోజుల ఆకలి తర్వాత ఒక్కసారిగా కడుపు నింపితే ఇన్సులిన్ పెరిగి, రక్తంలో ఉన్న కాస్త పొటాషియం, ఫాస్ఫరస్ కణాల్లోకి వెళ్లిపోతాయి. గుండె లయ తప్పవచ్చు, ఎర్ర రక్తకణాలు పగలవచ్చు. ఇంట్లో సిరంజితో బలవంతంగా పాలు పట్టడం మంచిదేననుకుంటారు కానీ, వికారంతో ఉన్న పిల్లికి అలా పడితే ఊపిరితిత్తుల్లోకి పోవచ్చు. పైగా ఆ తిండి మీద విరక్తి పుడుతుంది.

మొదటి రోజు తిండి జోలికి పెద్దగా పోలేదు. పొటాషియం కలిపిన సెలైన్ నెమ్మదిగా ఎక్కించాం. పొటాషియం గంటకు కిలో బరువుకు 0.5 మిల్లీ ఈక్వివలెంట్ (లవణాలను కొలిచే యూనిట్) దాటకూడదనే హద్దు చాలా గట్టిది, దాన్ని మేం దాటలేదు. డెక్స్‌ట్రోజ్ (గ్లూకోజ్) వాడలేదు. థయామిన్ (విటమిన్ బి1), బి12 ఇంజెక్షన్లు, వికారం తగ్గడానికి మారోపిటాంట్ ఇచ్చాం. ముక్కు ద్వారా సన్నటి ట్యూబు వేశాం. 5.7 కిలోల పిల్లికి కదలకుండా ఉన్నప్పటి అవసరం రోజుకు 260 కిలో కేలరీల లోపే. అందులో పావు వంతుతో మొదలుపెట్టి, పలుచటి రికవరీ డైట్‌ను రోజంతా చిన్న చిన్న మోతాదుల్లో పంపాం. రెండో రోజు సగానికి పెంచాం. ఆ సాయంత్రం ఫాస్ఫరస్ పడిపోయింది. పెంచడం ఆపి, సెలైన్‌లో పొటాషియం ఫాస్ఫేట్ కలిపి, అది సర్దుకున్నాకే ముందుకు కదిలాం. పూర్తి తిండికి చేరడానికి దాదాపు వారం పట్టింది.

పొటాషియం నిలబడ్డాక కొద్దిసేపు మత్తిచ్చి మెడ పక్క నుంచి అన్నవాహికలోకి ట్యూబు వేశాం. ముక్కు ట్యూబు సన్నం, రోజులు గడిచే కొద్దీ పిల్లికి చిరాకు. మెడ ట్యూబైతే ఇంట్లోవాళ్లే వాడగలరు. ఆవిడ మొదట ఆ ట్యూబు చూసి ఏడ్చారు. మూడో పూట నుంచి మా అసిస్టెంట్ కంటే నేర్పుగా పట్టారు. ముందు ఐదు మిల్లీలీటర్ల గోరువెచ్చని నీళ్లు, తర్వాత తిండి పావుగంట సేపు నిదానంగా, చివర మళ్లీ నీళ్లు. ట్యూబు మూసుకుపోతే కొత్తది వేయాలంటే మళ్లీ మత్తివ్వాలి కాబట్టి చివరి నీళ్ల విషయంలో నేను చాలా కచ్చితంగా ఉంటాను. పది రోజులకు బిలిరుబిన్ సగానికి పైగా దిగింది. దసరా దాటాక ఒకరోజు ట్యూబు ఉండగానే చింటూ వెళ్లి మిన్ను గిన్నెలో మూతి పెట్టింది. తనంతట తాను పూర్తిగా తింటోందని తేలాక ట్యూబు తీసేశాం.

ఆకలి పుట్టించే మందులు ఎందుకు ఇవ్వలేదని కొందరు అడుగుతారు. మిర్టజపిన్ లాంటివి తోడుగా పనికొస్తాయి. ఈ దశలో ఉన్న పిల్లికి వాటినే నమ్ముకుంటే ఇంకో మూడు రోజులు పోతాయి. డయాజెపాం మాత్ర మాత్రం ఎవరు చెప్పినా పిల్లికి వేయకండి. లివర్‌నే చంపేసే ప్రమాదముంది.

మిన్ను సంగతి

వరదను బాగా దాటిన మిన్నును ఇల్లు శుభ్రం చేయడం దెబ్బతీసింది. నీళ్లు తీశాక ఫైరింజన్లతో వీధులు, ఇళ్లు కడిగారు. బురద పోయాక ఇంట్లోవాళ్లు నల్ల ఫినాయిల్ చిక్కగా పోసి నేలంతా తుడిచారు. సాయంత్రం మిన్నును ఇంట్లోకి తెచ్చారు. మర్నాటికి నోటి వెంట తీగలుగా చొంగ, నాలుక అంచున పుండ్లు, అరికాళ్లు ఎర్రబడి ఉన్నాయి. తడి నేల మీద నడిచి కాళ్లు నాక్కోవడం వల్ల వచ్చిందది.

ఫినాల్ జాతి రసాయనాలను విరిచి బయటికి పంపే శక్తి పిల్లి లివర్‌కు చాలా తక్కువ. పారాసిటమాల్ పిల్లికి విషం కావడానికీ దాదాపు ఇదే కారణం. నీళ్లలో పోయగానే పాలలా తెల్లబడే యాంటీసెప్టిక్ ద్రావణాలూ ఇదే కోవలోవి. కాళ్లు మామూలు సబ్బునీళ్లతో కడిగాం, వాంతి చేయించలేదు. నొప్పికి మందు, మెత్తటి తిండి. వారంలో కోలుకుంది. ఇల్లు కడగడానికి పలుచటి బ్లీచింగ్ నీళ్లు చాలు. తర్వాత మంచినీళ్లతో కడిగి, నేల పూర్తిగా ఆరాకే పిల్లిని దించాలి. వరద తర్వాతి వారాల్లో నేను చూసిన చొంగ కేసులు దాదాపు అన్నీ ఇలా వచ్చినవే.

ఎక్కడ తేడా కొట్టింది

కుటుంబం పిల్లుల్ని గాలికొదిలేయలేదు. తిండి పెట్టారు, నీళ్లు పెట్టారు, మనిషిని పెట్టారు. ఆ మనిషి నీళ్లకు అవతల ఉన్నారు, అదే అసలు లోపం. వానల కాలంలో పిల్లిని చూసే మనిషి ఎంత మంచివారన్నది రెండో ప్రశ్న. మధ్యలో ఏ కాలువా, వంతెనా, రైల్వే అండర్‌పాసూ దాటకుండా కాలినడకన రాగలరా అన్నది మొదటి ప్రశ్న. విజయవాడలో ఇది చాలామందికి తట్టదు. బందరు, రైవస్, ఏలూరు కాలువలు ఊరిని ఎలా ముక్కలు చేశాయో వానొచ్చినప్పుడే తెలుస్తుంది.

మేడ మీద ఉన్నవాళ్లకు తాళం ఇచ్చి ఉంటే ఆదివారం తెల్లవారుజామున, నీళ్లు ఇంకా మోకాలి దాకా ఉన్నప్పుడే, రెండు పిల్లులూ పైకి చేరేవి. ఎందుకు ఇవ్వలేదని అడిగితే ఆవిడ మొహమాటం లేకుండానే చెప్పారు: "బీరువాలో బంగారం ఉంది కదండీ. అద్దెకున్నవాళ్లకు తాళం ఎలా ఇస్తాం?" న్యాయమైన మాటే. నేను ఇలాంటివాళ్లకు చెప్పేది ఒకటే. విలువైనవి ఒక గదిలో పెట్టి ఆ గదికి వేరే తాళం వేసుకోండి. మిగతా ఇంట్లో పిల్లుల్ని ఉంచి వీధి తాళం ఒకటి పైవాళ్లకు ఇవ్వండి. అదీ ఇష్టం లేకపోతే రెండు రోజులు పిల్లుల్నే పైకి పంపండి. పైవాళ్లకు పిల్లులంటే పడకపోతే వాటిని వెంట తీసుకెళ్లాలి, లేదా ఎత్తైన చోట ఉన్న బోర్డింగ్‌లో దించాలి. వాతావరణ శాఖ ఆరెంజ్ లేదా రెడ్ అలర్ట్ ఇచ్చిన రోజుల్లో పల్లపు ప్రాంతంలో, గ్రౌండ్ ఫ్లోర్‌లో పిల్లిని ఒంటరిగా వదలొద్దనేది నా పక్కా మాట.

రెండోది ఎత్తు. పిల్లి పైకి ఎక్కుతుంది, నిజమే. లావు పిల్లి, ముసలి పిల్లి, కీళ్ల నొప్పులున్న పిల్లి ఆరడుగుల అటక మీదికి ఒక్క గెంతులో పోలేదు. బల్ల, దాని మీద బరువైన పెట్టె, అక్కడి నుంచి గట్టు, ఇలా మెట్లు కుదర్చాలి. ప్లాస్టిక్ కుర్చీ తేలిపోతుంది, దాన్ని నమ్మకండి. ఇంటి లోపలి తలుపులన్నీ తెరిచి, గాలికి పడకుండా తాడుతో గడియకు కట్టాలి. 2014లో విశాఖను కొట్టిన హుద్‌హుద్ లాంటి గాలిలో ఒక్క తలుపు ధడేల్మని పడిందంటే పిల్లి బాత్రూంలో చిక్కుకుపోతుంది. గాలి తుఫానుకైతే అద్దాల కిటికీలు లేని లోపలి గది మేలు. బాల్కనీ వల నమ్మదగింది కాదు.

తిండి, నీళ్లు కూడా ఆ ఎత్తు మీదే ఉండాలి, అదీ ఒకటికి రెండు చోట్ల. చింటూ బీరువా మీద గిన్నెడు డ్రై ఫుడ్ ఉండి ఉంటే ఈ కేసు రాసే పనే ఉండేది కాదు. నాలుగు కిలోల పిల్లికి రోజుకు యాభై, అరవై గ్రాముల డ్రై ఫుడ్, రెండు వందల మిల్లీలీటర్ల దాకా నీళ్లు కావాలి. రెండు రోజులకు వెళ్తున్నా వారానికి సరిపడా పెట్టమంటాను. ఎక్కువ తిని ఒకసారి కక్కుకున్నా నష్టం లేదు. ఇత్తడి గిన్నెలాంటి బరువైన పాత్ర, చీమలు పట్టకుండా దాని కింద నీళ్లు పోసిన పళ్లెం. కరెంటుతోనో వైఫైతోనో నడిచే ఆటోమేటిక్ ఫీడర్ ఇలాంటి రోజుల్లో అలంకారమే. కింద మునిగే ఇంట్లో వెళ్లేముందు మెయిన్ ఆపేయాలి కూడా.

ఇంకోటి, చిన్నదే కానీ ఇక్కడ గట్టిగా దెబ్బకొట్టింది. లోపల ఎన్ని పిల్లులున్నాయో బయటివాళ్లకు తెలియాలి. రెండో పిల్లి బతికే ఉందని తెలిసుంటే పడకగది కిటికీ వైపు నుంచి ఏదో ఒకటి చేసేవాళ్లమని పైవాళ్లు తర్వాత బాధపడ్డారు. "లోపల రెండు పిల్లులు", ఫోన్ నంబరు, ఎక్కడ దాక్కుంటాయో ఒక ముక్క రాసి, ప్లాస్టిక్ కవర్లో పెట్టి, నీళ్లందని ఎత్తులో మేడ గ్రిల్‌కు కట్టండి. పడవలో వచ్చేవాళ్లకు అదే దారి చూపిస్తుంది.

ఇంటికి తిరిగొచ్చాక కనిపెట్టాల్సినవి రెండే చెబుతాను. ఒకరోజంతా ఏమీ తినకపోతే ఫోన్ చేయాలి, రెండో రోజుకు తీసుకురావాలి. మగ పిల్లి ట్రేలో కూర్చుని ముక్కుతూ చుక్క కూడా పోయకపోతే ఆ గంటలోనే రావాలి. టెన్షన్ వల్ల మూత్రనాళం మూసుకుపోవడం మగ పిల్లుల్లో మామూలే. ఒకటి రెండు రోజుల్లో ప్రాణం మీదికొస్తుంది.

ఏడాది తర్వాత

2025 అక్టోబర్ 28 రాత్రి మొంథా తుఫాను తీరం దాటింది. అప్పుడు కూడా ఆ కుటుంబానికి ఊరెళ్లాల్సిన పని పడింది. హెచ్చరికలు రోజుల ముందే వచ్చాయి కాబట్టి ఈసారి పిల్లుల్ని మేడ మీద దించేసి వెళ్లారు. పైవాళ్ల పిల్లాడు పూటపూటకూ ఖాళీ గిన్నె ఫొటో తీసి పంపాడట. చింటూ ఇప్పుడు 5.1 కిలోలు. ఏఎల్‌పీ, బిలిరుబిన్ మామూలుగానే ఉన్నాయి. ఫ్యాటీ లివర్ నుంచి పూర్తిగా కోలుకున్న పిల్లికి అది మళ్లీ రావడం అరుదు. అయినా బరువు పెరగకుండా చూడమనే చెబుతున్నాను.

ఆవిడ చివరిసారి వచ్చినప్పుడు అడిగిన ప్రశ్న చాలామంది అడిగేదే: "ఒక కిటికీ తెరిచి పెట్టి వెళ్తే అవే బయటపడేవి కదా?" వద్దనే అన్నాను. గడప దాటని పిల్లి వరద నీళ్లలోకి దూకితే ఎటు ఈదాలో దానికి తెలియదు. ఒడ్డుకు చేరినా కుక్కలుంటాయి, గట్ల మీదికి చేరిన పాములుంటాయి. తెరిచిన కిటికీలోంచి ఆ పాములు ఇంట్లోకీ వస్తాయి. వీధి పిల్లుల మధ్య పడితే టీకా లేని పిల్లికి పాన్‌ల్యూకోపీనియా అనే ప్రాణాంతక వైరస్ జబ్బు ఒక్కటి చాలు. లోపలే ఎత్తు, ఎత్తు మీద తిండి, పక్కింట్లో తాళం ఉంటే కిటికీతో పని లేదు. ఈ మూడింట్లో ఒకటి కుదరకపోతే పిల్లిని ఇంట్లో వదలకుండా బుట్టలో వేసుకుని వెంట తీసుకెళ్లండి.